క్రియాటినిన్ నార్మలే, రంగే మారింది

మాది ఉద్దానం, కవిటి దగ్గర ఊరు. మా వైపు ప్రతి మనిషికీ తన క్రియాటినిన్ నంబరు, అంటే కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష అంకె, నోటికి వచ్చు. సంతలో ఎదురుపడినా "నీది ఎంతుంది?" అనే పలకరించుకుంటాం. మా వీధిలోనే ఇద్దరు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్తారు. మూత్రం మాటెత్తితే మాకు గుర్తొచ్చేది కిడ్నీ ఒక్కటే. నాకొచ్చిన జబ్బు మాత్రం ఆ నంబరులో కనబడలేదు. అందుకే ఇదంతా వివరంగా రాస్తున్నాను.

నాకు 57 ఏళ్లు. కొబ్బరితోట, కొంచెం జీడి ఉన్నాయి. నిరుడు సంక్రాంతి అయ్యాక పలాసలో మా అమ్మాయి ఇంటికి వెళ్లాను. పొద్దున్నే బాత్రూంకి వెళ్తే తెల్లటి కమోడ్‌లో మాంసం కడిగిన నీళ్లలా కనబడింది. మంట లేదు, నొప్పి లేదు, జ్వరం లేదు. మధ్యాహ్నానికి రంగు పలచబడింది, సాయంత్రానికి మామూలు పసుపే.

"రాత్రి బీట్‌రూట్ కూర తిన్నావు కదా నాన్నా, అదే అయ్యుంటుంది" అంది అమ్మాయి. నిజమే, కొంతమందికి బీట్‌రూట్ తింటే మూత్రం ఎర్రగానే వస్తుంది. నేనూ నమ్మాను. ఇప్పుడు ఆలోచిస్తే అదే మొదటిసారి అని కూడా చెప్పలేను. తోటలో పనిచేసే మగవాడు ఏ చెట్టు మొదట్లోనో నిలబడతాడు. మా ఇసుక నేల ఇట్టే పీల్చేసుకుంటుంది. ఇక రంగు చూసేదెక్కడ? ఆ తెల్ల కమోడ్ లేకపోతే నాకు ఇంకెన్నాళ్లకు తెలిసేదో.

పన్నెండు రోజులకి మళ్లీ వచ్చింది. ఈసారి బీట్‌రూట్ లేదు. "వేడి సేసింటాది. నీల్లు తాగకుండా ఎండలో తిరిగితే ఏటవుద్ది మరి?" అని మా ఆవిడ బార్లీ కాచింది, బొండాలు కొట్టించింది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే ఒక సిరప్, ఐదు రోజులకి మాత్రలు ఇచ్చాడు. మూడో రోజుకి మూత్రం తేటగా వచ్చింది. మందు పనిచేసిందనుకున్నాం. అది మందు వల్ల కాదని, ఈ రకం నెత్తురు దానంతటదే వచ్చి దానంతటదే ఆగిపోతుందని తరువాత తెలిసింది. మనిషిని మోసం చేసేది ఆ ఆగిపోవడమే.

ఎందుకైనా మంచిదని క్రియాటినిన్ చేయించాను. 0.9 వచ్చింది. ల్యాబు మెట్ల మీద నుంచే ఇంటికి ఫోన్ చేసి "నాకు కిడ్నీ రాలేదే" అన్నాను. అవతల మా ఆవిడ ఏడుపు వినబడింది. ఆ 0.9 చూసుకుని రెండు నెలలు హాయిగా తిరిగాను.

ఉగాది వెళ్లాక ఒక రాత్రి మూత్రం ఆగి ఆగి వచ్చింది. లైటు వేసి చూస్తే వానపాము ముక్కల్లా నెత్తుటి గడ్డలు. తెల్లారేసరికి మా మేనల్లుడు బండి తెచ్చి శ్రీకాకుళంలో యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లాడు.

ఆయన ముందు అన్నీ అడిగారు. టీబీ మాత్రలు వాడుతున్నావా, దెబ్బ తగిలిందా, రక్తం పలచబడే మందులేమైనా ఉన్నాయా, మంట ఉందా. "నొప్పి ఉందా?" అంటే "లేదండీ, అస్సలు లేదు" అన్నాను ధైర్యంగా. ఆయన పెన్ను కింద పెట్టారు. "నొప్పి ఉంటే రాయి అనుకుందును. మంట, జ్వరం ఉంటే ఇన్ఫెక్షన్ అనుకుందును. నొప్పి లేకుండా నెత్తురు పడితే లోపలికి చూసేదాకా వదలకూడదు. చుట్ట కాలుస్తావా?"

ఇరవయ్యో ఏట నుంచి కాలుస్తున్నాను. పొగాకులోని విషం ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి వెళ్తుందట. కిడ్నీలు దాన్ని వడకట్టి మూత్రసంచిలోకి పంపుతాయి. అక్కడ అది గంటల తరబడి సంచి లోపలి పొరని అంటుకుని నిలవ ఉంటుంది. మూత్రసంచి క్యాన్సర్‌కి అన్నిటికంటే పెద్ద కారణం పొగాకేనని ఆయన చెప్తుంటే మేనల్లుడు నా వైపు చూడలేదు, గోడ వైపు చూశాడు.

కింద ల్యాబులో మూత్రం పట్టి ఇచ్చాను. అక్కడ ట్రేలో వరసగా డబ్బాలున్నాయి. ఒక్కోటి ఒక్కో రంగు. నేను కన్నార్పకుండా చూస్తుంటే అక్కడ పనిచేసే అమ్మాయి "ఏటి బాబాయ్ అలా సూస్తన్నావు?" అని నవ్వి, పని చేసుకుంటూనే చెప్పింది. నారింజ రంగుది టీబీ మందు వాడే మనిషిది. ఆ మందులో రిఫాంపిసిన్ ఉంటుంది, కన్నీళ్లు కూడా ఆ రంగులోనే వస్తాయి, భయం లేదు. మెరిసే పసుపు రంగుది బీకాంప్లెక్స్ మాత్రలు మింగినవాళ్లది. ఆవనూనె రంగులో, కుదిపితే నురగ కూడా పచ్చగా ఉన్నది కామెర్లది. చివర్న ఉన్నది డికాషన్ రంగు, ఎనిమిదేళ్ల పిల్లాడిది. గొంతునొప్పి గానీ చర్మం మీద పుండ్లు గానీ వచ్చిన కొన్ని వారాల్లో పిల్లలకి మొహం ఉబ్బి, మూత్రం ఆ రంగుకి మారితే కిడ్నీలో వడపోత దగ్గర వాపు వచ్చినట్టట, ఆలస్యం చేయకూడదట. ఒక డబ్బాలో మాత్రం నీళ్లలా తేటగా ఉంది. ఇది మంచిదా అంటే, "అది డయాలసిస్‌కి దగ్గర పడినాయనది బాబాయ్" అంది. ఆ డబ్బా ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. రంగు మారితే కారణం వెతకాలి, కానీ రంగు బాగుందని మా ఉద్దానం వాళ్లు రక్తపరీక్ష మానకూడదు.

నా రిపోర్టులో ఎర్రకణాలు లెక్కకు మించి ఉన్నాయని రాశారు. ప్రొటీన్ లేదు. కల్చర్‌లో ఏ సూక్ష్మజీవీ పెరగలేదు. స్కానింగ్‌కి ముందు లీటరు నీళ్లు తాగించి, మూత్రం బిగబట్టి కూర్చోమన్నారు. సంచి నిండితేనే గోడ సాపుగా సాగి లోపల ఏముందో కనబడుతుంది. ఎడమ గోడ మీద 1.8 సెంటీమీటర్ల కండ పెరిగి ఉంది.

తరువాత విశాఖలో సిస్టోస్కోపీ. నాకు భయమంతా దానికే. మూత్రనాళంలోకి మొద్దుబార్చే జెల్లీ ఎక్కించి, సన్నటి కెమెరా గొట్టం పంపారు. సిగ్గుగా ఉంది, ఒత్తిడిగా ఉంది, నొప్పి మాత్రం అనుకున్నంత లేదు. పది నిమిషాలు కూడా పట్టలేదు. టీవీలో నాకూ చూపించారు. నీళ్లలో నాచు ఊగినట్టు, గులాబీ రంగులో చిన్న కుచ్చు. నన్ను మూడు నెలలు తిప్పింది అదే.

ఆపరేషన్‌కి కోత లేదు. నడుముకి మత్తు ఇచ్చి అదే దారిలో వెళ్లి గీకి తీశారు. ఆరోగ్యశ్రీ కార్డు మీదే అయింది, ఇప్పుడు దాన్ని ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. కెథటర్, అంటే మూత్రం పోయే గొట్టం పెట్టి, దానికి బ్యాగు తగిలించి, సెలైన్‌తో సంచి కడుగుతూ ఉన్నారు. మా ఆవిడ మంచం పక్కన నేల మీద కూర్చుని ఆ బ్యాగునే చూస్తూ ఉండేది. మొదట దానిమ్మ రసంలా ఉంది. రాత్రికి గులాబీ రంగుకి వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం నన్ను లేపి, "సూడండి, నీల్లైపోయింది" అంది.

గీకి తీసిన ముక్కకి చేసిన బయాప్సీ రిపోర్టుకి పది రోజులు పట్టింది. ఆ పది రోజుల గురించి రాయలేను. క్యాన్సరే. కానీ తక్కువ తీవ్రత రకం, పై పొర దాటలేదు, కండరంలోకి దిగలేదు. కిడ్నీలు, నాళాలు సీటీలో శుభ్రంగా ఉన్నాయి. ఇది మళ్లీ మొలిచే గుణం ఉన్న జబ్బు కాబట్టి మూడు నెలలకి మళ్లీ కెమెరా పెట్టి చూడాలన్నారు, ఆ తరువాత కూడా ఏళ్ల తరబడి చూపించుకుంటూ ఉండాలి. చుట్ట ఆ రోజుతో వదిలేశాను. భోజనం అయ్యాక చెయ్యి ఇంకా జేబులోకే పోతుంది, ఒక జీడిపప్పు నోట్లో వేసుకుంటాను.

మూడు నెలల పరీక్షలో ఏమీ లేదు. విశాఖ నుంచి పలాస ప్యాసింజర్‌లో వస్తుంటే ఎదుటి సీటులో మా ఊరి మనిషే కనబడ్డాడు. నా సంగతి విని, నా పక్కకి జరిగి గొంతు తగ్గించాడు. "మాకు పాలలాగ తెల్లగా వస్తంది బావూ. మాంసం తిన్న రోజు మరీని. మా నాన్నకి బోదకాలు ఉండీది. ఎవులికి సెప్పుకుంతాం?"

మర్నాడు పొద్దున్న శుభ్రమైన డబ్బాలో పట్టుకుని రమ్మన్నాను. నేనే బండి మీద శ్రీకాకుళం తీసుకెళ్లాను. ఆయనకి బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు వల్ల శోషరస నాళాలు మూసుకుని, కొవ్వు ఉన్న రసం మూత్రంలో కలుస్తోందట. మందులు మొదలుపెట్టారు, నూనెలు, కొవ్వులు తగ్గించమన్నారు. కింద ల్యాబులో ఆ అమ్మాయి నన్ను గుర్తుపట్టి, "మీదెలగుంది బాబాయ్?" అంది.

"తేటగా ఉందమ్మా. క్రియాటినిన్ కూడా ఈ నెల చేయించాను" అన్నాను.