సార్వా, దాళ్వా, ఒక రీసెర్చ్ పేపర్

ఏప్రిల్‌లో పంట కాలువలకి నీళ్లు ఆపేసిన వారంలోనే నా పేపర్ వెనక్కొచ్చింది. జర్నల్‌కి పంపి సరిగ్గా నాలుగు రోజులైంది. పేపర్ మంచిచెడ్డలు తేల్చే రివ్యూయర్ల దాకా వెళ్లనే లేదు, ఎడిటర్ దగ్గరే ఆగిపోయింది. వచ్చిన మెయిల్లో రెండే వాక్యాలు. పేపర్ మా నియమాల ప్రకారం లేదు, సరిచేసుకుని మళ్లీ పంపుకోవచ్చు, అంతే. ఏది సరిగా లేదో ఒక్క ముక్క లేదు.

నేను అమలాపురం దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. సముద్రం వైపు శివారు ఊళ్లలో రొయ్యల చెరువులు వచ్చాక నూతుల్లో నీళ్లు ఎంత ఉప్పెక్కాయన్నది నా పీహెచ్‌డీ. 28 నూతులు, రెండేళ్లు, స్కూటీ మీద సీసాల సంచీ. థీసిస్ 210 పేజీలు వచ్చింది. అందులోంచి 42 పేజీలు కోసి, మొదట్లో ఒక సారాంశం తగిలించి పంపేశాను. పేపరంటే పొట్టి థీసిస్ అనుకున్నాను మరి.

రచయితలకిచ్చే సూచనలు అని ప్రతి జర్నల్‌కీ ఒక పేజీ ఉంటుంది. పంపేముందు నేను దాన్ని పైపైన చూశానంతే. ఈసారి ప్రింట్ తీయించి, పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. మొత్తం 6,000 పదాలు దాటకూడదు. సారాంశం 250 పదాల్లోపు. కీలక పదాలు ఆరు. లైన్ల మధ్య డబుల్ స్పేస్, మొదటి నుంచి చివరి వరకూ వరసగా లైన్ నంబర్లు. బొమ్మలు విడి ఫైళ్లుగా, స్పష్టత 300 డీపీఐకి తగ్గకుండా. టేబుల్ పేరు టేబుల్ పైన, బొమ్మ పేరు బొమ్మ కింద. టేబుల్‌లో నిలువు గీతలు వద్దు. నా పేపర్లో ఇందులో ఒక్కటంటే ఒక్కటి పాటించలేదు. ఎడిటర్ మీద కోపం ఆ సాయంత్రానికే పోయింది.

ఇవన్నీ సర్దడానికి రెండు రోజులు చాలనుకున్నాను. సర్దేసి, ఒకసారి చూపిద్దామని ఎదుర్లంక వంతెన మీదుగా బస్సెక్కి కాకినాడ వెళ్లాను. మా గైడ్ సార్ రిటైరై అక్కడే ఉంటున్నారు. సార్ మొదటి పేజీ చదివి కళ్లజోడు తీసేశారు. నా పరిచయం 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తవడంతో మొదలైంది.

"ఏమ్మా, కాటన్ దొరకి దణ్ణం పెట్టుకోవాల్సిందే. మన వైపు ఊరూరా ఆయన విగ్రహాలున్నాయి, వాటికి పెట్టుకో. ఇక్కడొద్దు."

ఆనకట్ట, కాలువలు, సార్వా అనే తొలి పంట, దాళ్వా అనే రెండో పంట, తర్వాత చేపల చెరువులు, 2009 తర్వాత వనామీ రొయ్య. ఇలా ఎనిమిది పేజీలు నడిచాక గానీ నా ప్రశ్న రాలేదు. సార్ పెన్ను తీసుకుని ఆరు పేజీలు కొట్టేశారు. ఇప్పటికి తెలిసిందేమిటో, ఇంకా తేలనిదేమిటో, అందులో నువ్వు ఏ ముక్క పట్టుకున్నావో రాయి, అదే పరిచయం అన్నారు. నాకు ప్రాణం ఉసూరుమంది. ఆ చరిత్ర కోసం లైబ్రరీలో నెలలు కూర్చున్నాను. కానీ నూతి నీళ్ల గురించి తెలుసుకుందామని వచ్చినవాడికి ఆ ఎనిమిది పేజీలూ ఎందుకు?

పరిచయం, పద్ధతులు, ఫలితాలు, చర్చ. ఈ నాలుగు గదుల ఇంటిని ఇంగ్లీషు పొడి అక్షరాలతో ఇమ్రాడ్ అంటారు. పేరు నాకూ తెలుసు, విద్యార్థులకి చెప్పాను కూడా. రాసేటప్పుడు మాత్రం ఏ గదిలో ఏం పెట్టాలో తెలియలేదు. ముందు పద్ధతులు రాయమన్నారు సార్. చేతులతో చేసిన పని కాబట్టి కలం ఆగదట. నిజమే. నీళ్లలో ఉప్పుని విద్యుత్ వాహకతతో పట్టే మీటర్‌ని, 1413 మైక్రోసీమెన్స్ (ఆ వాహకత కొలమానం) చూపించాల్సిన పొటాషియం క్లోరైడ్ ద్రావణంతో సరిచూసుకోవడం, రీడింగ్ 25 డిగ్రీలకి సవరించడం, క్లోరైడ్ కోసం సిల్వర్ నైట్రేట్ టైట్రేషన్, ఇటికరంగు దగ్గర ఆపడం... ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది.

ఫలితాల దగ్గర పది రోజులు పట్టింది.

అక్కడ నేను రాసుకున్న వాక్యం ఇది: "దాళ్వా కోతల తర్వాత చెరువుల పక్క నూతుల్లో ఉప్పు బాగా పెరిగింది, చెరువుల్లోంచి ఉప్పునీరు ఊరడమే దీనికి కారణం." సార్ దాన్ని కామా దగ్గర రెండుగా విరిచారు. మొదటి సగం మీటర్ చెప్పింది, రెండో సగం నువ్వు చెప్పావు, రెండూ ఒక గదిలో ఉండకూడదన్నారు. బస్సులో తిరిగొస్తూ పసుపు, ఆకుపచ్చ స్కెచ్ పెన్నులు కొన్నాను. మీటర్ మాటకి పసుపు, నా మాటకి ఆకుపచ్చ. ఫలితాల భాగమంతా గీసి చూస్తే పచ్చటి చేనులా ఉంది.

ఆకుపచ్చవన్నీ ఎత్తి చర్చలో పడేశాక అసలు చిక్కు కనబడింది. దాళ్వా కోతలయ్యాక ఏమవుతుంది? కాలువలు కట్టేస్తారు. మంచినీళ్లు ఇంకడం ఆగిపోతుంది. చెరువు ఉన్నా లేకపోయినా నుయ్యి కాస్త ఉప్పెక్కుతుంది. కాలువ గట్టున పుట్టి పెరిగినదాన్ని, ప్రతి ఏడూ చూస్తున్నదాన్ని, రాసేటప్పుడు ఆ సంగతే మర్చిపోయాను. రెండు సగాలూ ఒకే వాక్యంలో అతుక్కుని ఉన్నంతకాలం ఆ ప్రశ్న నాకు తట్టలేదు.

అదృష్టం ఏమిటంటే, 28లో తొమ్మిది నూతులు చెరువులకి బాగా దూరంగా ఉన్నవి. ఎందుకైనా మంచిదని తీసుకున్నాను. థీసిస్‌లో వాటిని అనుబంధంలో, 190వ పేజీ తర్వాతెక్కడో పెట్టాను. వాటిని పైకి లాగి మిగతా పందొమ్మిదింటి పక్కన నిలబెట్టాను. దూరపు నూతుల్లోనూ వేసవిలో ఉప్పు పెరిగింది, అయితే తక్కువ. ఆ తేడాయే చెరువుల వాటా అని చెప్పుకోవచ్చు, అదీ నేలలో ఇసక, రేగడి తేడాలున్నాయని ఒప్పుకుంటూ. "బాగా" అన్న మాట కొట్టేసి అంకె పెట్టాను. పేపర్ పొట్టిదైంది, నా ధీమా కూడా.

తర్వాత మా ఊరి మాటలు. ఎకరానికి 30 బస్తాలని రాసుకున్నాను, రైతులు అలాగే చెప్పారు కాబట్టి. మన బస్తా 75 కిలోలని బయటివాళ్లకెలా తెలుస్తుంది? హెక్టారుకి మారిస్తే సుమారు 5.6 టన్నులు. సార్వా, దాళ్వా బదులు ఖరీఫ్, రబీ అని పెట్టాను. పెట్టాననే అనుకున్నాను, ఒకచోట దాళ్వా అలాగే ఉండిపోయింది. చివర్లో ఒక రివ్యూయర్ "దాళ్వా అనేది ఊరా, కాలువా?" అని అడిగారు. మా ఇంట్లో ఇప్పటికీ ఈ మాట తలుచుకుని నవ్వుకుంటారు.

మ్యాప్ కూడా మళ్లీ చేశాను. ముందు ఫోన్లో కనిపించే మ్యాప్‌ని ఫొటో తీసి అతికించాను, సిగ్గు లేకుండా. ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో అక్షాంశ రేఖాంశాలు, ఉత్తర దిక్కు బాణం, కిలోమీటర్ల కొలబద్దతో గీయడానికి మూడు రాత్రులు పట్టింది, అందులో ఒకటి కరెంటు లేక.

ఇక డీటీపీ సెంటర్ కథ. సర్దినదంతా ఒకే ఫాంట్‌లో నీటుగా చేయమని ఫైల్ అక్కడి అబ్బాయికిచ్చాను. పెళ్లి శుభలేఖలు కొట్టడంలో మంచి చేయి. "ఆయ్, గంటలో ఇచ్చేత్తానండి మేడం గారూ" అన్నాడు, ఇచ్చాడు కూడా. చూడముచ్చటగా ఉంది. సార్‌కి పంపాను. రాత్రి తొమ్మిదింటికి ఫోన్.

"ఏమ్మా, మీ నూతుల్లో సముద్రాన్ని కాచి వడబోశారా?"

మైక్రో అన్న గుర్తుకి గ్రీకు అక్షరం మ్యూ వాడతాం. నేను థీసిస్ టైపు చేసినప్పుడు దాన్ని సింబల్ అనే ఫాంట్‌లో కొట్టాను. ఆ ఫాంట్‌లో ఇంగ్లీషు చిన్న ఎమ్ కొడితే మ్యూ కనబడుతుంది. కనబడడానికే మ్యూ, లోపల ఎమ్మే. మొత్తం ఒకే ఫాంట్‌లోకి మార్చగానే ముసుగు తొలగి ఎమ్ బయటపడింది. ఎమ్ అంటే మిల్లీ. మైక్రో ఉన్నచోట మిల్లీ వస్తే వెయ్యి రెట్లు. 1800 మైక్రోసీమెన్స్ ఉన్న నుయ్యి 1800 మిల్లీసీమెన్స్ అయ్యింది. సముద్రపు నీరే సుమారు 50. మా శివారు నుయ్యి సముద్రానికి 36 రెట్లు! తప్పు ఆ కుర్రాడిది కాదు, చెప్పినపని చెప్పినట్టు చేశాడు. 61 చోట్ల నేనే కూర్చుని దిద్దాను. అప్పటి నుంచి ఫాంట్ జోలికి ఎవరినీ రానివ్వలేదు.

రిఫరెన్సులకి జొటేరో అనే సాఫ్ట్‌వేర్ వాడడం మా కాలేజీలో కొత్తగా చేరిన అమ్మాయి నేర్పింది. లేకపోతే 54 రిఫరెన్సులు చేత్తో మార్చేదాన్ని. ఆ పని యంత్రానిదే, పేర్ల పని మాత్రం మనిషిదే. మనకి ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. జర్నళ్ల లెక్కలో చివరి మాట ఇంటిపేరు. దాంతో తెలుగువాళ్ల పేపర్లన్నీ దేవి, రావు, కుమార్ కింద చేరిపోయాయి. నా పేరే సర్టిఫికెట్లలో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంది. పరిశోధకులకిచ్చే ఆర్కిడ్ అనే 16 అంకెల నంబర్ తీసుకుని, ఇకపై పేరు ఇలాగే అని ఒకటి ఖాయం చేసుకున్నాను. ఇది పీహెచ్‌డీ మొదటి రోజునే చేయాల్సింది.

ఈ నెలల్లో, మూడు రోజుల్లో అచ్చేస్తాం, డబ్బు కట్టండి అంటూ మెయిళ్లు వస్తూనే ఉన్నాయి. ఒకటి నన్ను "మహామహోపాధ్యాయ" స్థాయిలో పొగిడింది. మా స్టాఫ్ రూమ్‌లో ఒకరు, ప్రమోషన్‌కి ఏదో ఒకటి చాలుగా మేడం, ఎందుకింత టెన్షన్ అన్నారు. ఒక్క పూట ఊగిసలాడాననే చెప్పాలి.

గోదావరికి వరద నీరొచ్చి లంకలకి పడవలు ఆపిన వారంలో రెండోసారి పంపాను, మొదట అనుకున్న జర్నల్‌కే. ఈసారి నాలుగు రోజులు దాటాయి, నాలుగు వారాలు దాటాయి. సార్వా కోతల టైముకి ఇద్దరు రివ్యూయర్ల మాటలు వచ్చాయి. మొత్తం 23 ప్రశ్నలు. ఒక్కో ప్రశ్న కింద నా జవాబు, మార్చిన లైన్ నంబర్ రాసి పంపాలి. లైన్ నంబర్లు ఎందుకో అప్పుడు అర్థమైంది. దూరపు నూతులు తొమ్మిదే ఉన్నాయి, సరిపోతాయా అన్నది రెండో ఆయన ప్రశ్న. సరిపోవు, ఉన్నవి ఇవే అని చర్చలో ఒక వాక్యం చేర్చాను. దాన్ని ఒప్పుకున్నారు.

సంక్రాంతి వెళ్లాక, అచ్చుకి ముందు చివరిసారి సరిచూసుకునే ప్రూఫ్ వచ్చింది, 48 గంటల గడువుతో. మీ ఇంటిపేరు ఏదో నిర్ధారించండి అన్నది మొదటి ప్రశ్న. దాన్ని తర్వాత చూద్దామని పక్కన పెట్టి, ఫైల్ తెరిచి, వెతికే గడిలో మిల్లీసీమెన్స్ గుర్తు కొట్టాను. ఎక్కడా లేదు.