మోచాతో ఆరు నెలలు: కుందేళ్ల కేంద్రంలో నా శనివారాల డైరీ

2025 జనవరి 11

ఈ రోజు నుంచి రాసి పెట్టుకుంటున్నాను. మేముండే ఫ్రీమాంట్ (కాలిఫోర్నియా) నుంచి కారులో ముప్పావు గంట దూరంలో, జనం పెంచలేక వదిలేసిన కుందేళ్లను చేరదీసి దత్తతకు ఇచ్చే చిన్న కేంద్రం ఉంది. శనివారం పొద్దున 9 నుంచి 12 దాకా నా వంతు. కుందేలును బోనులో పెట్టకుండా పిల్లిలాగా ఇంట్లో తిరగనిచ్చి పెంచమని చెప్పే హౌస్ రాబిట్ సొసైటీ 1988లో మొదలైంది ఈ శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలోనే. మా కేంద్రం దానిది కాదు కానీ పద్ధతి మాత్రం అదే. ఒక్కో కుందేలుకు మూడడుగుల ఎత్తు ఇనుప కంచె కట్టిన చోటు, అందులో ఒక దాక్కునే పెట్టె, మలమూత్రాలకు ఒక పళ్లెం (లిట్టర్ ట్రే) ఉంటాయి.

మొదటి రోజు నా పని ట్రేలు కడగడం. అడుగున కాగితం గుళికలు అంగుళం మందాన పోసి, ఒక పక్కన ఎండుగడ్డి గుట్టగా పెట్టాలి. కుందేలు గడ్డి తింటూనే పెంటికలు వేస్తుంది కాబట్టి గడ్డి ఎక్కడుంటే దాని మరుగుదొడ్డి అక్కడే. ఈ ఒక్కటి తెలిస్తే సగం శిక్షణ అయిపోయినట్టే. పిల్లులకు వాడే గడ్డకట్టే మట్టి లిట్టర్ పొరపాటున కూడా వాడకూడదు, కడుపులోకి పోతే పేగులకు అడ్డం పడుతుంది. ట్రేలో పట్టే తెల్లటి గార కాల్షియం. వెనిగర్ పోసి పది నిమిషాలు వదిలేస్తే పోతుంది.

ఆఖరి కంచెలో మోచా ఉంది. గోధుమ రంగు, వాలు చెవులు, సుమారు రెండేళ్ల ఆడది. పార్కులో అట్టపెట్టెలో దొరికిందట. కార్డు మీద "కరుస్తుంది" అని రాసి ఉంది. నేను గిన్నె తీయడానికి చెయ్యి పెట్టగానే గుర్రుమని మీదికి దూకింది.

పార్కులో వదిలితే హాయిగా బతుకుతుందని వదిలినవాళ్లు అనుకుని ఉంటారు. ఇక్కడి పొదల్లో తిరిగే అడవి కుందేలు వేరే ప్రజాతి. ఇళ్లలో పెంచేది యూరప్ కుందేలు సంతతి, తరాల తరబడి మనిషి పెట్టింది తిని బతికింది. దానికి బయట గద్ద నుంచీ నక్క నుంచీ తప్పించుకోవడం రాదు.

ఫిబ్రవరి 8

బుధవారం మోచాకు గర్భసంచి తీసేశారు. ఆపరేషన్ చేయించని ఆడ కుందేళ్లకు వయసు పెరిగేకొద్దీ గర్భసంచి క్యాన్సర్ చాలా ఎక్కువగా వస్తుంది. అందుకే ఇక్కడ ఆపరేషన్ కాకుండా ఏ కుందేలునూ ఇవ్వరు. మనుషులకు ఆపరేషన్ ముందు కడుపు ఖాళీగా ఉంచుతారు కదా, కుందేలుకు ఆ పని చెయ్యకూడదు. అది వాంతి చేసుకోలేదు, పైగా దాని పేగులు ఆగకుండా కదులుతూ ఉండాలి. పన్నెండు గంటలు ఏమీ తినకపోతే అది ఎమర్జెన్సీ కింద లెక్క.

కేంద్రానికి తెచ్చాక ఎన్ని పెంటికలు వేసిందో లెక్కపెట్టి చార్టులో రాశాం. గురువారం రాత్రికి 14. శుక్రవారం పొద్దునకు 60 దాటాయి. ఆ అంకె ఫోన్‌లో చూసి నాకు టెన్షన్ తగ్గింది.

హార్మోన్లు తగ్గడానికి కొన్ని వారాలు పడుతుందట. ఈలోగా నాకు అప్పజెప్పిన పని కంచెలోకి వెళ్లి ఊరికే నేల మీద కూర్చోవడం. తాకకూడదు, పలకరించకూడదు, దాని వైపు చూడకూడదు. కుందేలుకు కళ్లు పక్కలకు ఉంటాయి, ముక్కు కిందనున్నది సరిగా కనబడదు. మనం పైనుంచి చెయ్యి దించితే గద్ద వాలినట్టే. మోచా కరిచేది కోపంతో కాదు, భయంతో.

20 నిమిషాలు కూర్చున్నాను. రాలేదు.

మార్చి 8

నాలుగు వారాల్లో నేను కనిపెట్టింది ఒకటే: పక్కకు తిరిగి కూర్చుని, అరచెయ్యి నేలకు ఆనించి ఉంచితే వస్తుంది. ఈ రోజు వచ్చి నా చున్నీ అంచు కొరికి వెళ్లింది.

ఇంటి దగ్గర అట్టపెట్టెలతో ఇళ్లు కట్టడం మొదలుపెట్టాను. ఇప్పటికి ఏడు అయ్యాయి. రెండు పొరల అట్ట మంచిది. టేపు, స్టేపుల్ పిన్నులు, అంటించిన చీటీలు మొత్తం పీకేయాలి, ఎందుకంటే కుందేలు ఆ ఇంట్లో ఉంటూనే ఇంటిని తింటుంది. తలుపు ఏడు అంగుళాలు. ఒకటి కాదు, తప్పనిసరిగా రెండు, ఎదురెదురు గోడలకు. నా మొదటి పెట్టెకు ఒకే తలుపు పెట్టాను. జంటగా ఉండే రెండు కుందేళ్లలో ఒకటి లోపల ఇరుక్కుపోయి రెండోదాన్ని కరిచింది. చెవికి చిన్న గాటు పడింది. ఆ పెట్టె వెంటనే తీసేశాను, తప్పు పూర్తిగా నాదే.

అమ్మ తెనాలి నుంచి వీడియో కాల్ చేసి, "చెవులపిల్లికి ఇల్లు కడుతున్నావా తల్లీ" అంది. మా తాతగారి పొలంలో చెవులపిల్లి కనబడితే ఏం చేసేవాళ్లో ఇద్దరికీ తెలుసు. కాసేపు ఆ మాట ఎత్తలేదు. తర్వాత అమ్మే, "నీళ్లు గిన్నెలో పెడుతున్నావా, సీసాలోనా?" అని అడిగింది. గిన్నెలోనే. సీసా గొట్టంతో కన్నా గిన్నెలోవే ఎక్కువ తాగుతాయి.

ఏప్రిల్ 26

పోయిన ఆదివారం ఈస్టర్. ఇక్కడ ఆ పండక్కి చాలామంది పిల్లలకు కుందేలు పిల్లలను కొనిస్తారు. ఈస్టర్ మర్నాడే కుందేళ్లు గుంపులుగా వచ్చి పడతాయనుకున్నాను. ఈ వారం వచ్చినవి రెండే. ఇక్కడ పదేళ్లుగా పనిచేస్తున్న ఆవిడ అసలు సంగతి చెప్పారు. ఈస్టర్‌కు కొనేవి నెలన్నర, రెండు నెలల పిల్లలు. అవి నాలుగు నుంచి ఆరు నెలల వయసులో ఎదుగుతాయి. అప్పుడు సోఫా మీద మూత్రం పోయడం, కాళ్ల చుట్టూ తిరగడం, కరవడం మొదలవుతాయి. వదిలేసేది అప్పుడు, అంటే ఎండాకాలంలో. ఆడా మగా కలిపి ఉంచితే నెల రోజుల్లో ఈత. ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదు.

కాలిఫోర్నియాలో 2019 జనవరి 1 నుంచి పెంపుడు జంతువుల దుకాణాలు షెల్టర్ల నుంచో రెస్క్యూ సంస్థల నుంచో తెచ్చిన కుందేళ్లనే అమ్మాలన్నారు. 2021 నుంచి అసలు అమ్మకూడదు, ఆ సంస్థల కుందేళ్లను దత్తత కోసం చూపించవచ్చు, అంతే. మంచి చట్టం. కానీ పెరట్లో పెంచి నేరుగా అమ్మేవాళ్లను అది ఆపలేదు.

డబ్బు సంగతి కూడా రాస్తాను, మనవాళ్లకు పనికొస్తుంది. చాలా ఐటీ కంపెనీలు ఉద్యోగి ఇచ్చిన విరాళానికి అంతే మొత్తం కలుపుతాయి. కొన్ని మనం వాలంటీర్‌గా చేసిన గంటలకు కూడా లెక్కగట్టి ఇస్తాయి. నేను మూడు నెలలు ఆ గంటలు నమోదు చెయ్యనే లేదు. ఈ వారం కూర్చుని అన్నీ ఎక్కించాను. వచ్చిన డబ్బు రెండు నెలల గడ్డికి సరిపోతుంది.

మే 17

నా వల్ల ఇంకో పొరపాటు. మోచా మొదటిసారి నా ఒళ్లోకి ఎక్కింది. సంతోషం పట్టలేక సగం అరటిపండు పెట్టేశాను. సాయంత్రానికి పెంటికలు మెత్తబడి వెనక బొచ్చుకు అంటుకున్నాయి. పండు బొటనవేలి గోరంత ముక్క చాలు. క్యారెట్టూ అంతే, చిరుతిండే తప్ప భోజనం కాదు.

భోజనమంటే ముఖ్యంగా టిమోతీ గడ్డి, రోజుకు దాని ఒంటి పరిమాణమంత. పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, అరగదీసేది ఈ గడ్డే. ఆల్ఫాల్ఫా, అంటే మన పశువుల డాక్టర్లు లూసర్న్ అనేది, పిల్లలకే. పెద్దవాటికి అందులో కాల్షియం ఎక్కువ. ఆకుకూరల్లో కొత్తిమీర అంటే ప్రాణం పెడతాయి. మా వీధిలో నాలుగు తెలుగు ఇళ్ల నుంచి కొత్తిమీర కాడలు, ముల్లంగి ఆకులు, పుదీనా కాడలు శుక్రవారం రాత్రి మా ఫ్రిజ్‌కు చేరుతున్నాయి. ఉల్లికాడలు మాత్రం విడిగా ఏరేయాలి, అవి విషం.

జూన్ 14

ఎండలు. 80 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితేనే వీటికి కష్టం. నీళ్లు నింపి గడ్డకట్టించిన సీసాలు, పరుచుకుని పడుకోవడానికి గచ్చు పలకలు పెట్టాం. రెండు వారాల్లో 9 కుందేళ్లు వచ్చాయి, వాటిలో ఏడింటికి ఇంకా ఆరు నెలలు నిండలేదు. ఆవిడ ఏప్రిల్‌లో చెప్పినట్టే జరిగింది.

మోచాను చూడటానికి ఒక తెలుగు కుటుంబం వచ్చింది. పాప నేరుగా కంచె పైనుంచి చెయ్యి పెట్టబోయింది. ఆపి, నా పక్కన నేల మీద కూర్చోబెట్టాను. పావుగంట తర్వాత మోచా వచ్చి పాప కాలివేళ్లు వాసన చూసింది.

"వాసన వస్తుందా అక్కా?" అని వాళ్ల అమ్మ అడిగింది. రోజూ ట్రే మారిస్తే రాదని చెప్పాను. తర్వాత నేనే అడిగాను: "డిసెంబర్‌లో ఇండియా వెళ్తే దీన్ని ఎవరు చూస్తారు?" ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు. ఇంట్లో ఉంచి బాగా చూసుకుంటే ఇది ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతుకుతుంది. నాలుగు వారాల ఇండియా ప్రయాణాలు ఎన్నో వస్తాయి. ఆ రోజు ఇవ్వలేదు. ఇంటి ఓనర్ అనుమతి, ఛార్జర్ వైర్లకు ప్లాస్టిక్ తొడుగులు, డిసెంబర్‌కు ఒక మనిషి, ఈ మూడూ చూసుకుని రమ్మన్నాం.

జూలై 12

వచ్చారు. అనుమతి కాగితం, వైర్ల ఫోటోలు పట్టుకొచ్చారు. డిసెంబర్ మనిషిని నేనే. మోచాకు ప్రాణాంతకమైన కుందేళ్ల రక్తస్రావ వైరస్ టీకా రెండు డోసులూ అయ్యాయి, ఏడాదికి మళ్లీ వెయ్యాలి. ఒక సంచి గడ్డి, నేను కట్టిన రెండు తలుపుల ఇల్లు కారులో పెట్టాను. కార్డు మీద "కరుస్తుంది" అన్నమాట మార్చిలోనే కొట్టేశాం. దాని పక్కన పాప పెన్సిల్‌తో "కాలివేళ్లు ఇష్టం" అని రాసింది.

మోచా కంచెను కడిగి ఆరబెట్టాం. పదకొండున్నరకు అందులోకి నల్లటి మగ కుందేలు వచ్చింది, ఐదు నెలలది, ఇంకా పేరు లేదు. పెట్టె వెనక నక్కి వెనక కాలితో నేలను కొడుతోంది. ట్రేలో గడ్డి వేసి, పక్కకు తిరిగి కూర్చున్నాను.