టేపు చివర తడి

గనిలో రాయి పేల్చడానికి నా చేతులమీదుగా వేసిన తొలి బ్లాస్టింగ్ ప్లాను కాగితం మీద ఎంతో ముచ్చటగా కనిపించింది. 6 మీటర్ల బెంచి (మెట్టులా కోసిన రాతి అంచు), 115 మిల్లీమీటర్ల రంధ్రాలు, 3 మీటర్ల బర్డెన్ (రంధ్రానికీ దాని ముందున్న రాతి అంచుకీ మధ్య దూరం), మూడున్నర మీటర్ల స్పేసింగ్ (ఒకే వరుసలో రంధ్రానికీ రంధ్రానికీ మధ్య దూరం). అడుగు సమంగా తెగాలని బెంచి మట్టానికి దిగువన మరో 90 సెంటీమీటర్లు డ్రిల్లింగ్ చేయించాను. లెక్కల్లో తప్పేమీ లేదు, ఈ మాట ఇప్పటికీ అంటాను.

రంధ్రాల్లో పేలుడు మందు నింపే ముందురోజు వాన పడింది. ఉదయం ప్రతి రంధ్రంలోనూ టేపు దించి లోతు చూశాను. కొన్నిచోట్ల టేపు చివర తడిగా వచ్చింది. ప్యాంటుకు తుడుచుకుని, లోతు రాసుకుని, తర్వాతి రంధ్రానికి వెళ్లిపోయాను. నేను వాడింది డీజిల్ పట్టించిన అమ్మోనియం నైట్రేట్ గుళికలు. నీళ్లలో ఉప్పులా కరిగిపోతాయని పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నవాణ్ణి!

పేలుడు బాగానే వినిపించింది. కానీ రాళ్ల మీంచి నారింజ రంగు పొగ లేచింది. పక్కనున్న పెద్ద బ్లాస్టర్ దాన్ని చూసి, “అడుగున మందు తడిసింది, బాబూ. రేపు తెలుస్తుంది” అన్నారు.

నిజంగానే తెలిసింది. పైనున్న రాయి చక్కగా విరిగింది. కింద మాత్రం గట్టి దిమ్మెలు మిగిలాయి. ఎక్స్‌కవేటర్ బకెట్టు వాటిమీద గీరుకుంటూ జారిపోయింది. వాటిని మళ్లీ పేల్చడం అసలు పని కంటే కష్టం. పాత రంధ్రాల మొదళ్లలో, అంటే పేలుడు తర్వాత మిగిలిన అడుగు భాగాల్లో, పేలని మందు ఉండొచ్చు. వాటిలో మళ్లీ డ్రిల్ దించకూడదు. ముందు శుభ్రం చేసి, ఒక్కో మొదలునూ గుర్తించి, దూరం పాటించి కొత్త రంధ్రాలు వేయాలి. ఆ నాలుగు రోజులూ ఖనిజం ఒక్క బండి కూడా పైకి వెళ్లలేదు.

రెండోసారి తడి రంధ్రాలకు ప్లానులో ఎర్ర చుక్క పెట్టాను. వాటిలో ఎమల్షన్ అనే చిక్కటి ముద్దలాంటి పేలుడు మందు వేశాం. అది నీటికి కరగదు, నీటి కంటే బరువు కాబట్టి అడుగుకు దిగుతుంది. తొందరపడి ఒక్కసారిగా వదిలితే మధ్యలో నీరు చిక్కుకుంటుందని, నెమ్మదిగా దించాం. పైనున్న రాయి ఎండకూ వానకూ పెళుసుబారిపోయి ఉంది. లోతు తక్కువ గనుల్లో ఇది మామూలే. మందు అక్కడిదాకా వస్తే రాళ్లు ఎగిరిపడతాయి. అందుకే పై 3 మీటర్లూ కంకరతో మూయించాను. డ్రిల్ దుమ్ముతో మూయడం సులువే, కానీ అది కంకరలా బిగుసుకోదు.

ఈసారి పొగలో ఆ రంగు లేదు. ఎక్స్‌కవేటర్ ఆపరేటర్ ఏమీ అనలేదు. బకెట్టు అడుగుదాకా దిగితే ఆయన ఎప్పుడూ ఏమీ అనరు.