కేటీ కేసీ జవాబు

ఆదివారం, రాత్రి పదకొండు.

మధ్యాహ్నం అమ్మాయితో బేస్‌బాల్ చూడ్డానికి వెళ్ళాను. న్యూజెర్సీ వచ్చి తొమ్మిదేళ్ళయినా ఈ ఆట నాకు సగమే అర్థమవుతుంది. క్రికెట్ చూసి పెరిగిన కళ్ళు కదా, బంతి వెనక్కి ఎగిరిపోగానే ఫోరనుకుని చప్పట్లు కొట్టేశాను. ఫౌలట! "అదేంటి, అన్యాయం" అని గట్టిగానే అన్నాను. అమ్మాయి సిగ్గుపడి నా చెయ్యి పట్టుకు లాగింది.

ఏడో ఇన్నింగ్స్ మధ్యలో జనమంతా లేచి పాట అందుకున్నారు. ముందు వరసలో తెల్లమీసాల పెద్దాయన ఒక చేత్తో బీరు కప్పు ఒలక్కుండా పట్టుకుని, రెండో చేత్తో తొడమీద తాళం వేస్తున్నాడు. అమ్మాయికీ పాట నోటికొచ్చు. నేను ఊరికే పెదాలు కదిపాను.

ఇంటికొచ్చి, అంట్లు తోమేశాక, ఆ పాట, 'టేక్ మీ అవుట్ టు ది బాల్ గేమ్', రాసిందెవరా అని చదువుతూ కూర్చున్నాను. జాక్ నార్వర్త్. వాడెవిల్ అని అప్పటి పాటలూ హాస్యాలూ కలిసిన వినోద ప్రదర్శనలు, వాటి స్టేజీల మీద పాడి బతికినవాడు. 1908లో న్యూయార్క్ సబ్‌వే రైల్లో పోతూ, పోలో గ్రౌండ్స్ అనే బేస్‌బాల్ స్టేడియంలో ఇవాళ ఆట ఉందన్న బోర్డు చూసి, దొరికిన కాగితం మీద గీకేశాడట. ఆల్బర్ట్ వాన్ టిల్జర్ బాణీ కట్టాడు. తమాషా ఏమిటంటే నార్వర్త్ పెద్ద లీగు ఆట మొదటిసారి చూసింది 1940లోనట! నాకంటే ఘనుడు. అదే 1908లో ఆయనా, భార్య నోరా బేసూ కలిసి రాసినట్టుగా ఇద్దరి పేర్లతో 'షైన్ ఆన్ హార్వెస్ట్ మూన్' అనే పాటా వచ్చింది. అప్పట్లో పాట హిట్టంటే దాని స్వరాలు అచ్చేసిన కాగితాలు అమ్ముడుపోవడమే. జనం కొనుక్కెళ్ళి ఇంట్లో పియానో మీద వాయించుకునేవాళ్ళు.

స్టేడియంలో పాడేది పల్లవి ఒక్కటే. ఎవరూ పాడని చరణాల్లో కేటీ కేసీ అనే పిల్ల ఉంది, బేస్‌బాల్ అంటే పిచ్చి. శనివారం కుర్రాడొచ్చి షోకి వెళ్దామా అంటే, అదేం వద్దు, ఆటకి తీసుకెళ్ళమంటుంది. పల్లవంతా ఆ పిల్ల జవాబే! అమెరికాలో ఆడవాళ్ళ ఓటు హక్కు రాజ్యాంగంలోకి ఎక్కడానికి అప్పటికింకా పన్నెండేళ్ళుంది. ఇవాళ ఆ మీసాల పెద్దాయన గొంతెత్తి పాడింది కేటీ మారాం అన్నమాట. 1927లో నార్వర్త్ పాట తిరగరాసి ఆమెని నెల్లీ కెల్లీ చేశాడు. నాకు కేటీయే బాగుంది.

పడుకోబోతున్న అమ్మాయికి ఇదంతా చెప్పాను.

"మరి ఆ అబ్బాయి తీసుకెళ్ళాడా?"

"ఏమో. రెండో చరణంలో మాత్రం ఆటలన్నీ చూస్తుంది. అంపైర్‌నే నీది తప్పంటుంది."

"ఇవాళ నువ్వన్నట్టా?" అని దుప్పటి మొహం మీదికి లాక్కుని ఒకటే నవ్వు.