మైన్‌క్రాఫ్ట్‌కి ర్యామ్ పెంచే ముందు ఆ ఎర్రర్ ఒకసారి చదవండి

మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ క్రాష్ అవుతోందని ఎక్కడ అడిగినా మొదట వినబడే మాట "ర్యామ్ పెంచు". ఆ మాట విని బాగుపడ్డ ఆటలున్నాయి, అదే మాట విని ఇంకా ముందే పడిపోయిన ఆటలూ ఉన్నాయి. మెమరీ చాలకపోవడం అనేది రెండు వేరు వేరు చోట్ల జరగడమే కారణం. జావా తన కోసం తీసి పెట్టుకున్న హీప్ నిండిపోవడం ఒకటి. హీప్ బయట విండోస్ దగ్గరే ఇవ్వడానికి ఏమీ మిగలకపోవడం రెండోది. మొదటిదానికి కేటాయింపు పెంచాలి, రెండోదానికి తగ్గించాలి. తెలియకుండా పెంచితే రోగమొకటి మందొకటి అవుతుంది. (ఫోన్లలో ఆడే బెడ్‌రాక్ ఎడిషన్ జావా మీద నడవదు. ఇదేదీ దానికి వర్తించదు.)

ఏది జరిగిందో తెలియాలంటే ఫైళ్లు చూడాలి. లాంచర్‌లో ఇన్‌స్టాలేషన్స్‌కి వెళ్లి మీ ప్రొఫైల్ పక్కనున్న ఫోల్డర్ బొమ్మ నొక్కితే ఆట ఫోల్డర్ తెరుచుకుంటుంది. అందులో లాగ్స్ అనే ఫోల్డర్‌లో 'లేటెస్ట్' లాగ్, క్రాష్ రిపోర్ట్స్ అనే ఫోల్డర్‌లో తేదీతో ఉన్న రిపోర్ట్ ఉంటాయి. అక్కడ 'అవుట్ ఆఫ్ మెమరీ ఎర్రర్: జావా హీప్ స్పేస్' అని కనిపిస్తే హీప్ నిండినట్టు. కేటాయింపు పెంచడం గురించి అప్పుడు ఆలోచించవచ్చు.

క్రాష్ రిపోర్ట్ ఏమీ లేకుండా ఆట చటుక్కున మాయమైతే కథ వేరు. ఆట ఫోల్డర్‌లోనే 'హెచ్ఎస్, ఎర్ర్, పిడ్' అనే ముక్కలతో మొదలై చివర ఒక నంబరున్న ఫైల్ పుట్టిందేమో చూడండి. నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి పది పదిహేను లైన్లు చదివితే చాలు. 'ఇన్‌సఫిషియంట్ మెమరీ', 'నేటివ్ మెమరీ అలొకేషన్' అనే మాటలుంటే జావా అడిగింది, విండోస్ ఇవ్వలేకపోయింది. 'యాక్సెస్ వయొలేషన్' అని ఉండి, కింద గ్రాఫిక్స్ డ్రైవర్ ఫైల్ పేరు కనబడితే అసలిది కేటాయింపు సమస్యే కాదు, డ్రైవర్ సంగతి చూసుకోండి.

మూడో రకం ఎర్రర్ ఆట మొదలవకముందే వస్తుంది: 'కుడ్ నాట్ రిజర్వ్ ఎనఫ్ స్పేస్' లేదా 'ఇన్‌వాలిడ్ మ్యాగ్జిమమ్ హీప్ సైజ్'. దాదాపు ఎప్పుడూ దీని వెనక ఉండేది 32 బిట్ జావా. దానికి మెషిన్‌లో 16 జీబీ ఉన్నా లాభం లేదు, విండోస్ మీద ఒకటిన్నర జీబీ దాటిన హీప్ ఇవ్వడమే దానికి కష్టం. అధికారిక లాంచర్ తన సొంత 64 బిట్ జావాను వెంట తెచ్చుకుంటుంది కాబట్టి, ప్రొఫైల్‌లో జావా ఎగ్జిక్యూటబుల్ అనే గడిలో ఎవరో పాత జావా దారి పెట్టి ఉంటారు. ఆ గడి ఖాళీ చేస్తే సరిపోతుంది.

ఇప్పుడు విండోస్ దగ్గరే మెమరీ మిగలని రెండో రకం దగ్గర కాస్త ఆగాలి, ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. టాస్క్ మేనేజర్‌లో ర్యామ్ ఇంకా ఖాళీగా కనబడుతూనే ఆట మెమరీ లేదంటూ చచ్చిపోతుంది. విండోస్ లెక్క ర్యామ్ మీద ఒక్కదానిమీదే ఉండదు. ర్యామ్, పేజ్‌ఫైల్ (డిస్క్ మీద మెమరీలా వాడుకునే ఫైల్) రెండూ కలిపిన మొత్తం దాని హద్దు. ఏ ప్రోగ్రామ్‌కైనా మెమరీ ఇస్తానని మాట ఇచ్చేటప్పుడు విండోస్ ఆ హద్దు దాటదు, ప్రోగ్రామ్ దాన్ని వాడినా వాడకపోయినా సరే. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, తర్వాత మెమరీ నొక్కితే 'కమిటెడ్' అనే చోట రెండు అంకెలు కనిపిస్తాయి. ఎడమది ఇప్పటిదాకా ఇచ్చిన మాట, కుడిది హద్దు. ఆట నడుస్తుండగా ఈ రెండూ దగ్గరవుతుంటే క్రాష్ దగ్గరపడినట్టే.

8 జీబీ ల్యాప్‌టాప్ తీసుకోండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకపోతే లోపలి గ్రాఫిక్స్ కొంత ముందే పక్కకు తీసుకుంటుంది. విండోస్, బ్రౌజర్, డిస్కార్డ్ కలిసి మరో 3 జీబీ పైన తింటాయి. ఎస్ఎస్‌డీ అరిగిపోతుందనే భయంతో పేజ్‌ఫైల్ కూడా ఆపేశారనుకోండి, హద్దు 8 లోపే ఆగిపోతుంది. అక్కడ ఆటకి 6 జీబీ ఇస్తే హీప్ పెరుగుతూ పెరుగుతూ ఆ గోడకు కొట్టుకోవడం ఖాయం. పైగా ఆ 6 కేవలం హీప్. క్లాసుల సమాచారం, థ్రెడ్ల స్టాకులు, కంపైల్ అయిన కోడ్, గ్రాఫిక్స్ డ్రైవర్ బఫర్లు అన్నీ హీప్ బయటే ఉంటాయి. మోడ్‌లు (ఆటకి బయటివాళ్లు రాసిన అదనపు ముక్కలు) ఎక్కువుంటే ఇవే 1 జీబీ దాటిపోతాయి.

కాబట్టి ముందు పేజ్‌ఫైల్ సరిచేయండి. స్టార్ట్ మెనూలో 'వ్యూ అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్' వెతికి తెరవండి, పర్ఫార్మెన్స్ కింద సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్ ట్యాబ్, వర్చువల్ మెమరీ దగ్గర ఛేంజ్. పైన 'ఆటోమేటిక్‌గా మేనేజ్ చెయ్యి' అనే అర్థం వచ్చే పెట్టెలో టిక్ పెట్టి రీస్టార్ట్ చేయండి. సి డ్రైవ్‌లో పది పదిహేను జీబీ ఖాళీ ఉండాలి. డ్రైవ్ నిండిపోయి ఉంటే పేజ్‌ఫైల్‌కి పెరిగే చోటుండదు, టిక్ ఉన్నా ఫలితం సున్నా.

కేటాయింపు మార్చే చోటు: లాంచర్‌లో ఇన్‌స్టాలేషన్స్, ప్రొఫైల్ పక్కన మూడు చుక్కలు, ఎడిట్, మోర్ ఆప్షన్స్. కింద జేవీఎం ఆర్గ్యుమెంట్స్ గడిలో మొదటి ముక్కే అది: ఒక హైఫన్, పెద్ద ఎక్స్, చిన్న ఎం, చిన్న ఎక్స్, వెంటనే అంకె, పెద్ద జీ. మధ్యలో ఎక్కడా ఖాళీ ఉండకూడదు. చాలా పాత ప్రొఫైళ్లలో అంకె 2 ఉంటుంది. మిగతా వరుస ముట్టుకోకండి, అది చెత్త సేకరణకి, అంటే వాడకం అయిపోయిన మెమరీని జావా ఖాళీ చేసే పనికి, ఆట తయారీదారు మోజాంగ్ వాళ్లు అమర్చిన సెట్టింగులు. కర్స్‌ఫోర్జ్, ప్రిజమ్ లాంటి లాంచర్లతో ఆడేవాళ్లు మాత్రం వాటి సొంత సెట్టింగ్స్‌లోనే మార్చాలి. అక్కడి ప్యాక్‌కి (మోడ్‌ల కట్టకి) ఇక్కడ అంకె మార్చి ఏమీ మారలేదని తల పట్టుకునేవాళ్లు చాలామంది.

ఎంత పెట్టాలి? మోడ్‌లు లేని ఆటకి 2 నుంచి 3 జీబీ. యాభై నుంచి వంద మోడ్‌లకి 4 నుంచి 6. వందలకొద్దీ మోడ్‌లున్న పెద్ద ప్యాక్‌లకి 6 నుంచి 8, ఆ పైన అరుదు. మెషిన్‌లో 8 జీబీయే ఉంటే 4 దగ్గర ఆగండి, పెద్ద ప్యాక్ జోలికి పోకండి. రెండర్ డిస్టెన్స్ (ఆట ఎంత దూరం దాకా చూపాలో చెప్పే స్లైడర్) ఈ లెక్కల్ని తారుమారు చేస్తుంది. 12 అంటే చుట్టూ 25 చంక్‌ల (ప్రపంచంలోని 16×16 బ్లాకుల నిలువు ముక్కల) చదరం, మొత్తం 625. 16కి 1089, 32కి 4225. 1.18 నుంచి ప్రపంచం ఎత్తు 256 బ్లాకుల నుంచి 384కి పెరిగింది కాబట్టి ఒక్కో చంక్ కూడా బరువెక్కింది. పాత వెర్షన్‌లో హాయిగా నడిచిన 2 జీబీ కొత్తదాంట్లో ఎందుకు ఇరుకవుతుందో ఇక్కడే తెలుస్తుంది. స్లైడర్‌ని 16 నుంచి 10కి దించడం చాలాసార్లు 2 జీబీ కలపడం కంటే మేలు.

మీ అంకె సరిపోయిందో లేదో ఆటే చెబుతుంది. ఆటలో ఎఫ్3 నొక్కితే కుడి వైపు పైన 'మెమ్: 61% 2498/4096' లాంటి లైన్ ఉంటుంది. ఆ అంకె పెరుగుతూ పోయి ఒక్కసారిగా పడిపోతుంది, మళ్లీ పెరుగుతుంది. 90 శాతం దాకా వెళ్లినా కంగారు పడనక్కర్లేదు, చెత్త పోగయ్యాక ఊడ్చేయడమే జావా పద్ధతి. చూడాల్సింది పడ్డాక ఎక్కడ ఆగిందన్నది. 4096లో 1500 దగ్గర ఆగితే నిక్షేపం. 3500 దగ్గరే ఆగిపోతుంటే ఊడ్చడానికి చోటు లేక జావా క్షణక్షణం అదే పనిలో ఉంటుంది, ఆట కుదుపులు కుదుపులుగా నడుస్తుంది. ఆ కింది అంకెకి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు పెట్టుకుంటే సరి. పక్కనున్న గరిష్ఠం మీరు పెట్టిన దానితో కలవకపోతే లాంచర్ అవుట్‌పుట్ లాగ్ మొదట్లో 'పిక్డ్ అప్ జావా ఆప్షన్స్' అనే లైన్ వెతకండి. ఎప్పుడో ఏదో సాఫ్ట్‌వేర్ కోసం పెట్టిన ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (విండోస్‌లో నిలిచిపోయే సెట్టింగ్) మీ అంకెని తొక్కేస్తోంది. దాన్ని తీసేయండి.

నెట్‌లో దొరికే పొడుగాటి ఫ్లాగ్‌ల (జేవీఎం ఆర్గ్యుమెంట్స్ గడిలో పెట్టే ముక్కల) వరుసలు అతికించడం నాకు నచ్చని అలవాటు. వాటిలో చాలావరకు సర్వర్ల కోసం రాసినవి. సర్వర్ మెషిన్‌లో ఆట తప్ప మరొకటి నడవదు, అందుకే కనిష్ఠ హీప్‌ని గరిష్ఠంతో సమానం చేస్తారు, 'ఆల్వేస్ ప్రీ టచ్' అనేది పెట్టి మొత్తం మెమరీని మొదట్లోనే కబ్జా చేస్తారు. ఇంట్లో ల్యాప్‌టాప్ మీద అదే పెడితే ఆట తెరుచుకునేలోపే బ్రౌజర్ డిస్క్ మీదికి నెట్టబడుతుంది. హీప్‌లో కొంత భాగం కూడా డిస్క్ మీదికి వెళ్లిందంటే మరీ ఘోరం, ఊడ్చేటప్పుడు జావా ఆ భాగాలన్నీ వెనక్కి లాగాలి. సెకన్ల తరబడి బిగుసుకుపోయే ఆటకి మూలం తరచూ ఇదే. (మోజాంగ్ లాంచర్ కూడా ఒక వింత ఫ్లాగ్ జోడిస్తుంది. ఇంటెల్ డ్రైవర్ని మోసం చేయడానికే అని దాని పేరులోనే రాసి ఉంటుంది. భయపడకండి, వైరస్ కాదు.)

టెక్స్చర్ ప్యాక్‌లకి (బ్లాకుల మీది బొమ్మల్ని మార్చేవాటికి) హీప్ పెంచినా ప్రయోజనం ఉండదు. 16 పిక్సెళ్ల మామూలు బొమ్మ ఒకటి 1 కేబీ. 128 పిక్సెళ్లదైతే 64 కేబీ, అంటే 64 రెట్లు. అవి చివరికి చేరేది వీడియో మెమరీకి. లాగ్‌లో 'జీఎల్ అవుట్ ఆఫ్ మెమరీ' అని కనిపిస్తే చిన్న ప్యాక్‌కి మారండి, లోపలి గ్రాఫిక్స్ ఉన్న మెషిన్‌లో హీప్ కూడా ఒక జీబీ తగ్గించి చూడండి.

ఇక లీక్. ఒకే చోట నిలబడి ఉన్నా ఎఫ్3లో పడ్డాక ఆగే ఆ కింది అంకె గంటగంటకీ ఎక్కుతూ, మెయిన్ మెనూకి వెళ్లి తిరిగొచ్చినా దిగకపోతే ఏదో మోడ్ మెమరీని వదలడం లేదు. 4 బదులు 8 ఇచ్చినా క్రాష్ వాయిదా పడుతుందంతే. స్పార్క్ అనే మోడ్ పెట్టుకుని చాట్‌లో స్లాష్ స్పార్క్‌సీ హీప్‌సమ్మరీ కొడితే ఏ క్లాసు ఎంత తింటోందో జాబితా వస్తుంది. పైన ఎప్పుడూ బైట్ వరుసలే ఉంటాయి, కిందకి దిగి మోడ్ పేరు కలిసిన క్లాసుల్ని చూడండి. ఆట మొదలైన పది నిమిషాలకి ఒకసారి, రెండు గంటలకి ఒకసారి తీసి పక్కపక్కన పెడితే పెరిగినది పట్టుబడుతుంది. అదీ తేలకపోతే మోడ్‌లని సగం సగం తీసి చూడటమే, 120 మోడ్‌లున్నా ఏడు విడతల్లో దొరుకుతుంది. దానికి ముందు సేవ్స్ ఫోల్డర్ కాపీ చేసి పెట్టుకోండి, మోడ్ తీసేసి ప్రపంచం తెరిస్తే దాని బ్లాకులు మళ్లీ రావు.