టైగర్ పక్కన ప్లాస్టిక్ చెంచాలు

రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ ట్యాంకు టైగర్‌కి నా 1:35 (అసలు దాంట్లో 35వ వంతు) మోడల్ కిట్టు ఎనిమిది నెలలుగా ప్రైమర్ (అడుగు పూత) కొట్టి అలాగే పడుంది, కారణం రంగు తేలకపోవడం ఒక్కటే. నేను కట్టింది టైగర్ 131, 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో బ్రిటిష్ వాళ్ళకి చిక్కిన బండి, ఇప్పుడు ఇంగ్లండ్‌లో బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియంలో ఉంది. ఫోటోలు చూసి జుట్టు పీక్కోవడం దేనికి, అసలు దాన్నే చూసొద్దాం అని బయల్దేరా.

లండన్ వాటర్లూలో ట్రైనెక్కి, రెండు గంటల పైన కూర్చుని వూల్‌లో దిగితే మ్యూజియం అక్కడికి దగ్గరే. జేబులో ఆరు ప్లాస్టిక్ చెంచాలు, ఒక్కోదాని మీద ఒక్కో రంగు మిక్స్ కొట్టి వెనక నంబర్ రాసుకున్నా.

టైగర్ ముందు నిలబడ్డాక రంగు సంగతి కాసేపు మర్చిపోయా, అంత పెద్దది. గన్ గొట్టం కింద గుండు గీరిన మచ్చ వెతుక్కుని చూశా, ఆ గుండే అక్కణ్ణుంచి పక్కకి మళ్ళి టరెట్ (గన్ ఉండే, తిరిగే పై భాగం) కింది రింగులో ఇరుక్కుంటే టరెట్ తిరగక సిబ్బంది దిగి పారిపోయారు. తర్వాత చెంచాలు తీసి దూరం నుంచే ఒక్కోటి పక్కన పెట్టి చూస్తుంటే ఓ పిల్లాడు వాళ్ళ నాన్నని నా వైపు చూపించాడు, పట్టించుకోలేదు.

చెంచాలతో తేలింది ఏంటంటే ఏమీ తేలలేదు! హాల్లో లైటు కింద రెండో నంబర్ సరిపోయినట్టుంది, ఫోన్లో చూస్తే అయిదోది. అన్నిటికంటే ముఖ్యంగా, ఈ బండిని బాగుచేసి 2003లో మళ్ళీ నడిపించారు, అంటే నేను చూస్తున్నది రెస్టోరేషన్ పెయింటు, 1943ది కాదు. ఇది ట్రైనెక్కే ముందే తట్టాల్సింది నాకు.

అందుకే తిరుగు ప్రయాణంలో కళ్ళని వదిలేసి తేదీలు పట్టుకున్నా. జర్మన్ టైగర్ అనగానే అందరం వేసేసే ముదురు పసుపు ఆర్ఏఎల్ (జర్మన్ల రంగు నంబర్ల పద్ధతి) 7028, దాని మీద 6003 ఆకుపచ్చ, 8017 ఎర్రగోధుమ, ఈ ఆర్డర్ వచ్చింది 1943 ఫిబ్రవరిలో. ఆఫ్రికాకి పంపే బండ్లకి మాత్రం అంతకుముందే వేరే జతలున్నాయి, 1941లో 8000, 7008, తర్వాత 1942లో 8020, 7027. ఈ రెండు జతల్లో నేను 8000 జతకే ఓటేశా, అది నా ఊహే.

ఇంకోటి, ఆ పెయింటు ఉన్నదున్నట్టు కొట్టకండి. చేతిలో మోడల్ని అడుగు దూరం నుంచి చూడ్డం అంటే అసలు ట్యాంకుని 35 అడుగుల నుంచి చూసినట్టు, దూరం పెరిగేకొద్దీ రంగు వెలిసినట్టు కనిపిస్తుంది కదా, అందుకని కాస్త లేత రంగు కలపాలి, తెలుపు కలిపితే సున్నం కొట్టినట్టు అవుతుంది గనక నేను బఫ్ (లేత పసుపు గోధుమ రంగు) కలిపా.

నిన్న టరెట్ మీద మొదటి కోటు పడింది. ఆరాక ఆ రంగు కొట్టిన నాలుగో చెంచా కంటే కొంచెం ముదురుగానే వచ్చింది, అయినా గీకను.