రాయికి తారు కన్నా నీళ్లంటేనే ఇష్టం

రోడ్డు గుంతపడితే చాలు తారు తక్కువేశారు అనేస్తాం, చాలాసార్లు నిజమే కూడా, కానీ తారు సరిపడా పోసినా ఊడిపోయే రోడ్లు బోలెడున్నాయి, అక్కడ చూడాల్సింది కంకర వైపు. గుంత అంచున లేచిన పెళ్ల ఒకటి తీసి తిరగేసి చూడండి, పైన నల్లగానే ఉంటుంది, అడుగున రాళ్లు మాత్రం కడిగిపెట్టినట్టు తేటగా ఉంటాయి. తారు ఇలా రాయిని వదిలేయడాన్నే స్ట్రిప్పింగ్ అంటారు. ఎక్కువగా కిందనుంచే మొదలవుతుంది కాబట్టి మన కంటికి కనపడేసరికి లోపల పని అయిపోయి ఉంటుంది.

గ్రానైట్, క్వార్ట్‌జైట్ లాంటి సిలికా ఎక్కువున్న రాళ్లని నీళ్లు ఇట్టే పట్టుకుంటాయి. బిటుమెన్‌లో, అంటే మనం తారు అని పిలిచేదాంట్లో, ఎక్కువ భాగం హైడ్రోకార్బన్లే, వాటికి రాయి మీద పెద్ద ప్రేమేం ఉండదు, అసలు పట్టు ఇచ్చేది అందులో కొద్దికొద్దిగా ఉండే ఆక్సిజన్, నైట్రోజన్, సల్ఫర్ ఉన్న అణువులు. వీటిల్లో కార్బాక్సిలిక్ యాసిడ్లది మరీ విచిత్రం, రాయి మీదకి ముందు ఎగబడేవీ అవే, నీళ్లు తగలగానే ముందు జారుకునేవీ అవే. అదే సున్నపురాయి మీదైతే కాల్షియంతో కలిసి నీళ్లలో కరగని లవణం అయి కూర్చుంటాయి, ఇక కదలవు.

గ్రానైట్ కంకరలో ఒక శాతం అటూఇటూ హైడ్రేటెడ్ లైమ్, అంటే నీళ్లతో విరిచిన సున్నం పొడి కలపమనేది ఇందుకే, ఆ కాల్షియాన్ని మనమే తెచ్చిపెడుతున్నాం అన్నమాట. లేదంటే బిటుమెన్‌లోనే అర శాతం లోపు అమీన్ రకం (నైట్రోజన్ ఉన్న) యాంటీ స్ట్రిప్పింగ్ కెమికల్ కలుపుతారు, దాని తల రాయిని పట్టుకుంటుంది, తోక బిటుమెన్‌లో ఉండిపోతుంది. నా ఓటు సున్నానికే, ఎందుకంటే కొన్ని అమీన్లు వేడి ట్యాంకులో ఎక్కువసేపు ఉంటే పస తగ్గిపోతాయి.

ఇంత కెమిస్ట్రీ చేసి కంకర మీద దుమ్ము వదిలేస్తే అంతా దండగే, తారు అంటుకునేది దుమ్ముకి, రాయికి కాదు. తడి ఆరకపోయినా అంతే. ఇంక రోలింగ్ సరిగ్గా చేయక గాలి ఖాళీలు ఎనిమిది శాతం దాటాయంటే నీళ్లు లోపలికి దిగుతాయి, పైన లారీ టైరు వెళ్లినప్పుడల్లా ఆ నీళ్లు ఒత్తిడికి తారుకీ రాయికీ మధ్యలో దూరి పొరని లేపేస్తాయి.

టెస్టులు ఉన్నాయి. తారు పట్టిన కంకరని పది నిమిషాలు మరిగించి ఎంత తారు మిగిలిందో కంటితో చూసి చెప్పడం ఒకటి, సులువే గానీ ఇద్దరు చూస్తే రెండు అంకెలు వస్తాయి. తడి శాంపిల్ బలాన్ని పొడి శాంపిల్ బలంతో పోల్చి 80 శాతమైనా ఉందా అని చూసే టీఎస్ఆర్ (టెన్సైల్ స్ట్రెంగ్త్ రేషియో) టెస్ట్ నయం. అయితే అది ఏ క్వారీ రాయి వాడతారో దానితోనే, ఏ బిటుమెన్ వాడతారో దానితోనే చేయాలి, క్వారీ మారినా పాత రిపోర్టే పట్టుకుని తిరిగితే ఆ కాగితానికి విలువేం లేదు.